అచ్చులో పోసిన సొట్ట

శృంగవరపుకోట రోడ్డులోని షెడ్డుకి కారు బాడీ లారీ మీద వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని దాన్ని అవలీలగా కిందికి దించేశారు. రేకు బాడీ అయితే ఆరేడుగురు కావాలి. ఇది ఫైబరు. ఎక్కడో ఒక పాత కారు మీద అచ్చు తీసి, ఆ అచ్చులో గాజునార పరిచి, రెసిన్ అనే జిగురు పూసి ఆరబెట్టిన పెంకు. లోపల ఇంజను లేదు, సీట్లు లేవు, అడుగు కూడా లేదు. దాన్ని పాత జీపు ఛాసిస్ మీద బోర్లించి, బోల్టులు బిగించి, రంగు కొడితే మా చిన్ననాటి కారు తయారవుతుంది. పెళ్లి ఊరేగింపులకీ ఫొటోలకీ ఇప్పుడు ఇలాంటివి అడుగుతున్నారు. షెడ్డు నడిపేవాడు పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకున్నాడు. నేను అక్కడ వర్క్‌షాపు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. కొలతల్లో అనుమానం వస్తే అతను నాకు ఫోన్ చేస్తాడు.

ఈ కారు పెళ్లిళ్లకి కాదు. విజయనగరంలో ఒక పాత బట్టల కొట్టు ఉంది. ఆ కొట్టు పెట్టిన షావుకారు మనవడు, వాళ్ల తాత తిరిగిన నల్లకారు లాంటిది చేయించి, కొట్టు పెట్టిన రోజున జరిపే కొట్టు పండగకి గుమ్మం ముందు నిలబెట్టాలనుకున్నాడు. అసలు కారు ఎప్పుడో తుక్కు కింద పోయింది. మిగిలింది ఒక్క ఫొటో. ఫొటోలో లేనివి చెప్పగలిగే మనుషులు ఇద్దరే. ఒకడు ఆ కారు నడిపిన డ్రైవరు. అతను మా బావ, మా అక్క భర్త. రెండోవాణ్ణి నేను. ఎనిమిదో తరగతి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. బావ డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఆ కారు గురించి చాలా రాసుకున్నాను. హారను ఎక్కడుందో, తలుపు పిడి ఎటు తిప్పాలో, అన్నీ.

బావ ఆ కారు నడిపింది మూడేళ్లు. మానేసింది ఎందుకో ఊళ్లో ఆ తరం వాళ్లందరికీ తెలుసు. మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ బండి కదిపి, షావుకారింటి గేటు స్తంభానికి గుద్దాడని, ఎడమ వైపు ముందు మడ్గార్డు సొట్ట పోయిందని, షావుకారు ఆ సాయంత్రమే తాళం లాక్కున్నాడని. తర్వాత ఎవరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. జనపనార గోడౌనులో కాటా దగ్గర బస్తాలు ఎత్తుతూ ముసలివాడయ్యాడు. షావుకారు కుటుంబం ఆ కథని పోనివ్వలేదు. కొత్త డ్రైవరు చేరినప్పుడల్లా నవ్వుతూ చెప్పుకునేవారు.

బావని షెడ్డుకి ఆటోలో నేనే తీసుకెళ్లాను. ఎనభై దాటిన మనిషి. పెంకు చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేశాడు. వేలి కణుపుతో బానెట్ మీద తట్టి, "ఇదేటిరా బామ్మర్దీ, బూరె మూకుడులాగ మోగతాది?" అన్నాడు. కానీ హెడ్‌లైట్ల దగ్గర ఆగిపోయాడు. రెండు చేతులూ వాటి మీద పెట్టాడు.

షావుకారు మనవడు అతన్ని బాగానే పలకరించాడు. కొట్టు పండగ రోజున కారుని గుమ్మం దాకా బావే నడపాలని అన్నాడు. తెల్ల డ్రస్సు, టోపీ కుట్టిస్తానన్నాడు. బావ గోడౌను మనిషిలా చేతులు కట్టుకుని విన్నాడు. ఆఖరికి ఒక్కటే అడిగాడు.

"నడుపుతాను బాబూ. మరి ఆ సొట్ట మాత్రం ఎట్టొద్దు. సొట్ట లేకుండా ఒక్కపాలి ఊళ్లో జనాలు సూస్తే సాలు నాకు."

"సొట్ట లేకపోతే అది మా తాత కారెలా అవుద్ది తాతా? నల్లకార్లు ఊరికి పది. సొట్టకారు మాదొక్కటే."

"నాను గుద్దలేదు బాబూ. ఆరోజు మీ తాతగారికీ సెప్పాను. ఈరోజు నీకూ సెప్తన్నాను."

"మరెవులు గుద్దారు? స్తంభం లెగిసొచ్చి గుద్దిందేటి?"

షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపలేదు. ఒక్కణ్ణే ఆపితే బాగుండదనిపించింది.

అప్పుడు మనవడు నా వైపు తిరిగి, "మాస్టారూ, ఆ సొట్ట ఎంతుండేదో మీ పుస్తకాల్లో ఉందా?" అని అడిగాడు. సంచిలో ఆ సంవత్సరం డైరీ ఉంది. పేజీ తీశాను. పైకి చదివాను.

"ఎడమ ముందు మడ్గార్డు. పొడవు నా జానెడు మీద రెండు వేళ్లు. లోతు మధ్యవేలి రెండు కణుపులు. కింద అంచు లోపలికి మడతపడింది. మూడు చోట్ల రంగు లేచి రేకు కనిపిస్తోంది."

ఆ పేజీలో కింద ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయి. వాటి మీద బొటనవేలు పెట్టుకుని చదివాను.

ఆ నాలుగు వరుసల్లో ఉన్నది ఇది. అక్క తొలికాన్పుకి మా ఇంటికి వచ్చి ఉంది. అందుకని బావకి మధ్యాహ్నం భోజనం క్యారేజీ షావుకారింటికి నేనే పట్టుకెళ్లేవాణ్ణి. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ రోజు క్యారేజీ ఇచ్చి, "వెళ్తాను బావా" అని చెప్పి వచ్చేశాను. బావ పెరటి అరుగు మీద తింటున్నాడు. కారు వాకిట్లో ఉంది. ఎక్కి కూర్చున్నాను. హ్యాండ్‌బ్రేకు వదిలాను. వాకిలి గేటు వైపు వాలుగా ఉంటుంది. స్తంభానికి తగిలాక దిగాను. దేన్ని చూసినా కొలవడం అప్పటికే నా అలవాటు. జాన పెట్టి కొలిచాను. లోపల చెప్పుల చప్పుడు వినిపించాక పక్క సందులోంచి ఇంటికి వచ్చి, అన్నం తిని, డైరీ రాశాను.

రాసినప్పుడు నా వయసు చిన్నదే. మర్నాడు చెప్పి ఉండొచ్చు. బావని తీసేశారని ఆ రాత్రే తెలిసింది. తర్వాత చెప్పడానికి రోజులు చాలా ఉన్నాయి, దగ్గర దగ్గర ఇరవై వేలు. నేను లెక్క వేశాను కాబట్టి ఆ సంగతి తెలుసు.

ఫైబరుకి సొట్ట పడదు. సుత్తి దెబ్బ వేస్తే బీటలు వారుతుంది తప్ప లోపలికి పోదు. సొట్ట కావాలంటే సొట్టకి కూడా అచ్చు చేయాలి. షెడ్డువాడు ఆ ముక్క కోసి తీసి, మట్టితో నమూనా చేసి, దాని మీద మళ్లీ నార పరిచి పోస్తానన్నాడు. కొలతలతో బొమ్మ గీసివ్వమని నన్ను అడిగాడు. గ్రాఫు కాగితం మీద గీశాను. ఆ వయసులో నా జానెడుకీ ఇప్పటి జానెడుకీ తేడా ఉంటుంది. ఇంటర్‌లో కుట్టించుకున్న చొక్కా ఒకటి పెట్టెలో ఉంటే, చేతి పొడవుని బట్టి ఆ తేడా కట్టి సరిచేశాను. రంగు లేచిన మూడు మచ్చలకి వెండి రంగు వేయమన్నాను. మొదటిసారి లోతు తక్కువ వచ్చింది. మళ్లీ పోయించాను. షెడ్డువాడు నా చేతికి దండం పెట్టి, "మాస్టారూ, అసలు సొట్ట కూడా ఇంత బాగుండి ఉండదండీ" అన్నాడు. నాకు సంతోషం వేసింది.

కొట్టు పండగ ఉదయం పది గంటలకి. గుమ్మానికి బంతిపూల తోరణాలు, సన్నాయి, మైకు పట్టుకున్న ఒక కుర్రాడు. బావ తెల్ల డ్రస్సు వేసుకుని, టోపీ పెట్టుకుని ఉదయం ఏడింటికే వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడట. నేను వెళ్లేసరికి అతని వీపు మీద చెమట చారలు ఉన్నాయి. కారు వీధి మొదట నుంచి కొట్టు దాకా నడిపాడు. చాలా నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా. ఎడమ వైపు నిలబడ్డవాళ్లకి ముందు కనిపించింది సొట్టే.

"అందరూ జాగ్రత్తగా పక్కకి తప్పుకోండి! స్తంభాలున్నోళ్లు స్తంభాలు లోపలెట్టుకోండి! బండి నడుపుతున్నది ఆ గుద్దినాయనే!" అని మైకులో వచ్చింది.

నవ్వులు వీధి ఆ చివరి దాకా పాకాయి. ఆడపిల్లలు వచ్చి సొట్టలో అరచేయి పెట్టి ఫొటోలు తీయించుకున్నారు. ఒకామె బావని కూడా సొట్ట పక్కన నిలబెట్టి, "అలా చూపుడువేలు పెట్టి చూపించు తాతా" అంది. చూపించాడు.

ఇంతలో షావుకారు మనవడు పట్టుపంచెతో కారు దగ్గరికి వచ్చాడు. బావ అది చూసి గబగబా చుట్టూ తిరిగి వెళ్లి, వెనక తలుపు తీయబోయాడు. షావుకారు వస్తే వెనక తలుపు తీయడం అతనికి మూడేళ్ల అలవాటు. ఆ పెంకుకి వెనక తలుపులు లేవు. తలుపు ఉన్నట్టు ఒక గీత ఉంటుంది, పిడి అంటించి ఉంటుంది. అతను లాగాడు. రాలేదు. బిగుసుకుందనుకుని గట్టిగా లాగాడు. పిడి ఊడి చేతికి వచ్చింది.

"అయ్యబాబోయ్, ఇదీ ఇరగ్గొట్టీసినావేటి తాతా!" అన్నాడు మైకు కుర్రాడు.

షావుకారు మనవడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. బావ ఆ పిడిని జేబులో పెట్టుకోవాలో, ఎవరికైనా ఇవ్వాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బానెట్ మీద పెట్టాడు.

తర్వాత కొట్టు పక్క గోడ నీడలో మజ్జిగ గ్లాసులు ఇస్తుంటే ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. బావ మజ్జిగ తాగలేదు.

"ఒరే," అన్నాడు. "ఆ రోజు సప్పుడు ఇని నాను ఎంగిలి చేత్తో లగెత్తుకొచ్చేసరికి షావుకారు అక్కడున్నాడు. అప్పటికప్పుడు నా సేతే గోనెలు కప్పించీసినాడు. తెల్లారి ఆమదాలవలస నుంచి టింకరు వచ్చి రేకు సాపు సేసీసినాడు. ఆ సొట్ట సూసినోళ్లం ముగ్గురం, నాను, షావుకారు, టింకరు. షెడ్డులో నువ్వు సదివినకాడి నుంచి ఇదే ఆలోసిస్తన్నాను. జానెడు మీద రెండు వేళ్లని నీకెలా తెలుసు?"

నేను మజ్జిగ సగం తాగి ఉన్నాను. మిగతా సగం తాగాను.

"అక్క చెప్పింది బావా," అన్నాను.

అక్క పోయి నాలుగేళ్లు. ఏ మాటైనా ఆమె మీద పెట్టొచ్చు.

బావ తన మజ్జిగ గ్లాసు పక్కకి జరిపాడు. "ఆ రాత్రి మీ ఇంటికొచ్చి దానికొక్కదానికే సెప్పాను," అన్నాడు. "దాని సెయ్యి పట్టుకుని ఇంత లోతు అని సూపించాను. ఏడిసినాను కూడా. ఈ మాట ఎవులికీ సెప్పొద్దని కడుపులో బిడ్డ మీద ఒట్టేయించుకున్నాను."

నేను ఖాళీ గ్లాసు బల్ల కింద పెట్టాను.

"మరి అది సెప్పినప్పుడు... నవ్వుకున్నారేటి మీరంతా?"

ఒక్క మాట చాలు. లేదు బావా అంటే చాలు. కానీ లేదంటే, అక్క ఎందుకు చెప్పిందో, ఎవరి ముందు చెప్పిందో, ఇంకో నాలుగు ప్రశ్నలు వస్తాయి.

"చిన్నప్పటి సంగతి. గుర్తు లేదు బావా."

"నీకు గుర్తు లేకపోడమేటిరా," అన్నాడు. కోపంగా కాదు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, మడిచిన లుంగీ ఉన్న గుడ్డసంచి పట్టుకుని ఆటో ఎక్కేశాడు.

పదిహేను రోజుల తర్వాత బావ వీధిలో తిరిగే ఆటో అతను మా ఇంటికి వచ్చాడు. తువ్వాలులో చుట్టిన ఒక ఫ్రేము ఇచ్చాడు. అక్క ఫొటో. అంచున పాత కుంకుమ మరకలు, దండ వేసే చోట నూనె మచ్చ. బావ ఇంట్లో దీపం గూటి పక్కన ఉండేది. రోజూ స్నానం చేసి, దానికి దీపం చూపించాకే కాఫీ తాగేవాడు.

"ఏమైనా చెప్పమన్నాడా?" అని అడిగాను.

"సెప్పమన్నాడు బాబూ. పుట్టింటోళ్లకే నమ్మకంగా ఉండీదట గదా, అక్కడే ఉండమను, అన్నాడు."

ఫొటోని నా డైరీల బీరువా పక్కన, పాత క్యాలెండరు మేకుకి తగిలించాను. మా ఆవిడ అడిగితే, అద్దం మార్పించడానికి పంపాడని చెప్పాను.

కారు కొట్టు గుమ్మం ముందే ఉంది. ఊడిన పిడిని షెడ్డువాడు వచ్చి మళ్లీ అంటించాడు. అటు వెళ్లినప్పుడు చూస్తుంటాను. అందరూ చేతులు పెట్టడం వల్ల సొట్ట మధ్యలో నల్లరంగు అరిగి మెరుస్తోంది.

బావ ఉన్నాడు. మా ఇంటి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. ఇది రాసేనాటికి కూడా నేను వెళ్లలేదు.