నీళ్ల గంటకు పడ్డ ఎర్ర గుర్తు

మా కాలనీ ఫోన్లన్నిటిలోనూ యాంటీవైరస్ ఎక్కించిన ఘనుడిని నేనే. తెలంగాణ రావడానికి ఒకటి రెండేళ్ల ముందు మాట. అందరి చేతుల్లోకీ అప్పుడప్పుడే టచ్ ఫోన్లు వస్తున్నాయి. ఉప్పల్లో ఒక కంపెనీలో నేను టెస్టర్ని. ఎవరో రాసిన యాప్‌ని తెరిచి, ఉన్న మీటలన్నీ నొక్కి చూసి, తప్పుందో లేదో చెప్పడం నా ఉద్యోగం. నాచారం వైపు మా కాలనీలో మాత్రం నేను సాఫ్ట్‌వేర్ సారుని. ఆదివారం పొద్దున్నే ఫోన్లు పట్టుకుని నా వాటా ముందు నిలబడేవారు. ఉచితంగా దొరికే ఆ యాంటీవైరస్‌ని ఒక్కొక్కరికీ ఎక్కించి, "ఇక మీకే భయమూ లేదండీ" అని అభయమిచ్చి పంపేవాడిని. దాని లోపల ఏముందో నాకేం తెలుసు? తెర మీద ఒక డాలు బొమ్మ ఉండేది. ఆకుపచ్చగా ఉంటే మంచిది, ఎర్రగా మారితే చెడ్డది. మూడేళ్ల పిల్లలకు సరిపోయే జ్ఞానం అది. మా పెద్దమనుషులందరికీ అదే సరిపోయింది.

కింది వాటాలో ఇంటివాళ్లు ఉండేవారు. ఆ నేల మీదే వ్యవసాయం చేసిన కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక ఇంటావిడ నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. కూతురు ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. మాకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ఎన్నింటికి వస్తుందో మాత్రం వాల్వు తిప్పే లైన్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. నీళ్ల రోజున ఇంటికొకరు పని మానుకుని బిందెల పక్కన కాపలా కూర్చోవాల్సిందే. తల్లి అలా షిఫ్టులు పోగొట్టుకోవడం చూసి చూసి ఆ అమ్మాయి ఒక యాప్ రాసింది.

లైన్‌మన్ వాల్వు తిప్పగానే ఆమె ఫోన్‌కి ఒక మెసేజ్ కొడతాడు. ఆమె ఫోన్ దాన్ని కాలనీలో అందరికీ పంపుతుంది. అది అందిన ప్రతి ఫోన్‌లోనూ బడి గంటలాంటి గంట మోగుతుంది. నెట్ అక్కర్లేదు. లైన్‌మన్ మెసేజ్‌ని గుర్తుపట్టాలి కాబట్టి యాప్ మెసేజీలు చదువుతుందని, ఎక్కించేటప్పుడే ప్రతి ఇంట్లోనూ చెప్పింది. అందరూ తలూపారు. రెండు నెలలు గంట మోగింది. తల్లి ఫ్యాక్టరీలో అరగంట పర్మిషన్ తీసుకుని, వచ్చి నీళ్లు పట్టుకుని, మళ్లీ పనికి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం పొద్దున కాలనీలో డాళ్లన్నీ ఎర్రబడ్డాయి. యాంటీవైరస్ కొత్త అప్‌డేట్ దిగింది. మా కాలనీ సంఘం ప్రెసిడెంటు గారు అందర్నీ తన వరండాలోకి పిలిచారు. ఆయనా మాలాగే కోస్తా నుంచి వచ్చిన మనిషి, రిటైరైన గుమాస్తా. తెర మీది ఇంగ్లీషుని నా చేతనే తెలుగులో చెప్పించారు. "ఈ యాప్ మీ మెసేజీలు చదువుతోంది. మీ ఫోన్‌కి హానికరం. వెంటనే తీసేయండి." కోర్టులో తీర్పు చదివినంత గంభీరంగా చదివాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

"చూశారాండీ, వీళ్లు మన మెసేజీలు చదువుతున్నారు," అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ రోజుల్లో వీళ్లు, మనం అనే మాటలు ఊరికే పడేవి కావు. ఎవరి బ్యాంకు మెసేజీలు చదివిందో, ఎవరి ఇంటి గుట్టు తెలుసుకుందో అంటూ గుసగుసలు మొదలయ్యాయి. రెండు నెలలు ఆ గంట విని నీళ్లు పట్టుకున్న నోళ్లే అవి.

"నా బిడ్డ మీ మెసేజులు సదువుకొని ఏం జేసుకుంటది సారూ? నీళ్ల కోసం జేసింది గదా," అంది తల్లి. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ అమ్మాయి వాళ్లెవరినీ చూడలేదు. నా వైపు తిరిగింది. "అన్నా, మీరైతే తెరిచి సూసిన్రా?"

నేను చూడలేదు. జీతం తీసుకునేదే తెరిచి చూడటానికి. అయినా ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "ఎర్రగా వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుందమ్మా," అన్నాను.

ఇంటింటికీ వెళ్లి అందరి కళ్ల ముందే తీసేయాలని ఆమెను ఆజ్ఞాపించారు. తీసేసింది. ఒక్కో గుమ్మం ముందూ చెప్పులు విడవడం, ఫోన్ అడగడం, తీసేసి తిరిగి చేతికివ్వడం. నా ఫోన్‌లోంచీ అలాగే తీసేసింది. ఆ తర్వాతి నీళ్ల రోజు నుంచి ఆమె తల్లి మళ్లీ షిఫ్టు మానుకుని బిందెల పక్కన కూర్చుంది.

నెల తిరక్కుండా అదే యాంటీవైరస్ మా కంపెనీ యాప్ మీద పడింది. బడికి రాని పిల్లల తల్లిదండ్రులకు మెసేజ్ పంపే హాజరు యాప్ అది. నాలుగు నెలలు నేను పరీక్షించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ యాంటీవైరస్ కంపెనీకి పేజీ నిండా ఉత్తరం కొట్టాను. నిందవేసే ముందు మీలో ఒక్కరైనా తెరిచి చూశారా అని అడిగాను. పంపేశాక గుర్తొచ్చింది, ఆ మాట ఎక్కడ విన్నానో. సిగ్గేసి, యాప్ ఎక్కించేటప్పుడు బ్లూటూత్‌లో ఆమె పంపిన పాత ఫైలు వెతికి దాన్నీ వాళ్లకు పంపాను. రెండింటికీ కలిపి రెండు వాక్యాల జవాబొచ్చింది. మెసేజీలు చదివే, పంపే యాప్‌లను యంత్రం తనంతట తనే పట్టుకుందట. పొరపాటు సరిదిద్దారట. క్షమాపణ లేదు. యంత్రం చేసిన దానికి మనుషులెందుకు చెబుతారు? మా కాలనీ వాళ్లూ అంతే కదా.

ఆ జవాబు ప్రెసిడెంటు గారికి చూపించాను. "అయిపోయిన విషయం ఇప్పుడెందుకు బాబూ," అని పేపర్లోకి తల దూర్చేశారు.

అక్కణ్నుంచి నేరుగా కింది వాటాకి వెళ్లాను. తలుపు ఆమే తీసింది. వరాలిచ్చే దేవుడిలా ఆ జవాబున్న ఫోన్ ముందుకు చాచాను. "నీ యాప్‌ని పచ్చలోకి మార్చారమ్మా. నీ తప్పేం లేదని తేలింది. మళ్లీ అందరికీ పెట్టు."

ఫోన్ చేతిలోకి తీసుకుని చూసింది. కోపంగా కూడా లేదు. "పచ్చగ అయ్యిందని వచ్చిన్రా అన్నా? లేకుంటే ఈసారన్న తెరిచి సూసిన్రా?"

ఈసారీ చూడలేదు. ఫైలు పంపాను, జవాబు చదివాను, వచ్చి తలుపు కొట్టాను. ఆమె రాసింది ఒక్క వరుస కూడా చదవలేదు.

లోపల నల్లా బుసకొట్టింది. "నీళ్లొచ్చినయి, మా అమ్మకు బిందెలందియ్యాలె," అని ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.