మైకులో చదివిన జీతం

చోడవరం బస్టాండు దగ్గర నేను గుమస్తాగా పనిచేసిన లాడ్జిలో ఒక్కో మనిషికి రెండు జీతాలుండేవి. ఒకటి బోర్డు జీతం, రెండోది చేతి జీతం. హోటళ్ళలో పనిచేసేవాళ్ళకు ఎంతెంత ఇవ్వాలో ప్రభుత్వం అచ్చువేసిన కాగితం ఒకటి నా కౌంటరు వెనక గోడకు అద్దాల ఫ్రేములో వేలాడేది. వంటమాస్టరుకింత, సప్లయరుకింత, గదులు తుడిచే మనిషికింత, ఆ పైన కరువు భత్యం. జీతాల రిజిస్టరు ఆ కాగితం చూసే రాసేవాణ్ణి. ఒకటో తారీకున అందరూ వరసగా వచ్చి రెవెన్యూ స్టాంపు మీద సంతకాలో వేలిముద్రలో వేసేవారు. ఆ తరవాత నేను సొరుగులోంచి ఒక పాత నోటుబుక్కు తీసి, అందులో ఉన్నంత వాళ్ళ చేతిలో పెట్టేవాణ్ణి. అది రిజిస్టరులో ఉన్నదానికి సగానికి కాస్త అటూ ఇటూ.

మిగతా సగం ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి యజమాని దగ్గర జవాబుండేది. రెండు పూటలా భోజనం, మూడు టీలు, ఏడాదికో జత ఖాకీ బట్టలు, ఊరికి వెళ్ళలేనివాళ్ళకు మెట్ల కింద పడక. ఇదంతా జీతం కాక మరేమిటనేవారు. అదిగాక బల్ల బత్తా ఒకటుండేది. మేడ మీద రిక్రియేషన్ క్లబ్బు పేరుతో ఆరు పేకాట బల్లలుండేవి. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. సాయంత్రాలు ఏం చేయాలో తోచని బెల్లం వ్యాపారులూ కాంట్రాక్టర్లూ మధ్యాహ్నం నుంచే అక్కడ చేరేవారు. ఆటాటకూ క్లబ్బు తీసుకునే వాటాలోంచి, పైకి టీలూ సోడాలూ కొత్త పేకలూ మోసే సప్లయర్లకూ, వంటింటివాళ్ళకూ రోజూ కొంత ముట్టేది. ఆ బత్తా కలుపుకుంటే వాళ్ళ రాబడి బోర్డు జీతాన్ని దాటిపోయేది. అందుకే వాళ్ళు రిజిస్టరు గురించి ఎన్నడూ నోరెత్తలేదు.

ఆ బత్తా అందనివాళ్ళం ఇద్దరమే. జూదం సొమ్ము ముట్టనని, మేడ ఎక్కనని పనిలో చేరిన రోజే నేను చెప్పాను. మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ. ఇంట్లో తిండికి లోటున్న రోజుల్లో కూడా నన్ను ఆదివారపు బడికి పంపడం మానలేదు. యజమాని నా మాటకు నవ్వి, సరేనన్నారు. రెండో మనిషి గదులు తుడిచే ఆవిడ. మా చర్చి సంఘంలో అందరం ఆమెను అక్క అనే అర్థంలో అప్ప అని పిలిచేవాళ్ళం. వాళ్ళది రావికమతం అవతల చిన్న పల్లె. భర్త విశాఖపట్నంలో కాంట్రాక్టు పని చేస్తూ నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. ఆమెను లాడ్జిలో పెట్టించింది నేనే. రోజూ పొద్దున్నే క్లబ్బులో సిగరెట్టు పీకలు ఊడ్చేది ఆమే అయినా, ఆట జరిగేటప్పుడు ఆడమనిషి పైన ఉండకూడదన్నారు గనక ఆమెకు బత్తా లేదు. ఒక్క వెసులుబాటు మాత్రం ఉండేది. మధ్యాహ్నం మిగిలిన అన్నం, పప్పు క్యారేజీలో పెట్టుకుని భర్తకు పట్టుకెళ్ళేది. యజమాని చూసీ చూడనట్టుండేవారు.

లాడ్జికి నాలుగిళ్ళ అవతల ఉన్న మా మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. అక్కర ఉన్నవాళ్ళు చీటీ రాసి పళ్ళెంలో వేస్తే, ఒక్కొక్కటే మైకులో చదవడం నా బాధ్యత. చదివిన ప్రతి చీటీకీ సంఘమంతా గొంతెత్తి ప్రార్థించేది. అప్పకు రాయడం రాదు. ఆ శుక్రవారం నా పక్కన చాప మీద కూర్చుని చెప్పింది.

"జీతం పెరగాలని రాయి బాబూ. అంతే సాలు."

అంతే రాసి ఉంటే బాగుండేది. కానీ దేవుణ్ణి ఏదడిగినా స్పష్టంగా అడగాలని నాకు నేర్పారు. అందులోనూ నా చెయ్యి గుమస్తా చెయ్యి. లాడ్జిలో నాలుగొందల యాభై చేతికిచ్చి తొమ్మిదొందలకు వేలిముద్ర వేయించుకుంటున్నారనీ, యజమాని మనసు మార్చమనీ రాశాను. వంతు వచ్చినప్పుడు అలాగే చదివాను. సంఘం ఎప్పుడూ లేనంత గట్టిగా ప్రార్థించింది. ఆ హోరులో నాకు ఒళ్ళు పులకరించింది కూడా.

మామూలుగా శుక్రవారాలు లోపలి పెట్టె మైకు ఒక్కటే వాడేవాళ్ళం. కానీ ఆ ముందు వారం ఉజ్జీవ కూటాలనే పెద్ద ప్రార్థన సభలు జరిగాయి. వాటి కోసం వెదురు గడకు రోడ్డు వైపు తిప్పి కట్టిన గొట్టం మైకును ఇంకా విప్పలేదు. దాని వైరు తీశామా లేదా అని నేను చూసుకోలేదు. చూడవలసినవాణ్ణి నేనే.

ప్రార్థన ముగించుకుని డ్యూటీకి వెళ్ళేసరికి టీ మాస్టరు గ్లాసులు కడుగుతూ తలెత్తకుండా అన్నాడు. "షావుకారు నీకోసం సూస్తన్నారు. ఏటి సదివేవో ఏటో, బస్సు కోసం నిలబడ్డోలు సుద్దా ఇన్నారు."

యజమాని నా కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. ఆయన కేకలేసే మనిషి కాదు. క్రిస్మస్‌కు మా మందిరానికి కేకు పంపే మనిషి.

"ఏటి బాబూ, మీ దేవుడికి సెవుడేటి?" అన్నారు.

నేను కౌంటరు ఇవతలే నిలబడ్డాను.

"కాదు, తెలీక అడుగుతన్నాను. నా జీతాల పుస్తకం మైకులో సదివితే గాని ఆయనకి ఇనబడదేటి? పైన ఆటలో కూకున్నోలు పేక ఎయ్యడం ఆపేసి మరీ ఇన్నారు."

మైకు సంగతి నాకు తెలియదని చెప్పాను. ఆయన నమ్మినట్టే ఉన్నారు. నమ్మినా జరిగింది తిరిగి రాదుగా అన్నట్టు లేచి వెళ్ళిపోయారు.

సోమవారం అనకాపల్లి నుంచి కబురొచ్చింది, గురువారం లేబరాఫీసరు తనిఖీకి వస్తున్నారని. అర్జీ పెట్టింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. రోడ్డు మీద విన్నవాళ్ళు ఎవరైనా కావచ్చు. యజమాని నన్ను వంటింటి వెనక్కి పిలిచారు.

"ఆఫీసరు అడిగితే సీటీలో తప్పు రాసేనని సెప్పు. నువ్వు రాసింది నువ్వే తప్పంటే ఇంక ఎవడు కాదంటాడు?"

"అది తప్పు కాదు కదండీ."

"కాదు. అందుకే సెప్పమంటన్నాను." వంటింటి తలుపు దగ్గరికి వేశారు. "సెప్పకపోతే నిన్నేటీ అనను. సదువుకున్నోడివి, ఎక్కడైనా బతుకుతావు. ఆ మనిషి మాత్రం గురువారం సాయంత్రానికి ఇంటికెల్లిపోద్ది. నువ్వు తెచ్చిన మనిషే కదా. ఆలోసించుకో."

ఆ మూడు రోజులూ లాడ్జిలో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. బుధవారం భోజనాల వేళ పెద్ద సప్లయరు మాత్రం విస్తళ్ళు వేస్తూ అందరికీ వినబడేలా అన్నాడు. "ఒరే తమ్ముడా, నీకు మీ దేవుడు పెడతాడు. మాకు పైనున్న బల్ల పెడతాది. ఆఫీసరు ఆ మెట్లు కూడా ఎక్కి సూసేడంటే మా పిల్లలు తిండి కోసం మీ మందిరంలో కూకోవాల."

"కూకోనీ. కానుక పళ్ళెం ఎలాగూ అక్కడే తిరుగుతాది," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వులో భయం ఉందని నాకు తెలుసు.

భోజనం వదిలేసి మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వరండాలో సైకిలు గొలుసుకు నూనె పెడుతున్నారు. జరిగిందంతా చెప్పాను. అబద్ధం చెప్పవద్దంటారు, అప్పను దేవుడే చూసుకుంటాడంటారు, ధైర్యం తెచ్చుకుని వచ్చేయవచ్చు అనుకున్నాను.

"చీటీలో అంకెలెందుకు వేశావు?" అన్నారు.

"స్పష్టంగా అడగాలని మీరే నేర్పారు కదండీ."

"నేర్పాను. ఆ రిజిస్టరు రాసేదెవరు?"

"నేనేనండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

ఆయన చేతికున్న నూనె గుడ్డతో తుడుచుకున్నారు. "రెండేళ్ళు నెలనెలా నీ చేత్తో అబద్ధం రాశావు. శుక్రవారం దాన్ని ఇంకొకరి పాపంగా చదివావు."

లోపలికి తీసుకెళ్ళి నాతోపాటు మోకరించారు. జూదపు సొమ్ము అంటలేదని మేడ మెట్ల వైపు చూసి గర్వపడినవాణ్ణి, నా సొరుగు వైపు ఎన్నడూ చూసుకోలేదు. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ నాకు ఆరేళ్ళప్పుడే కంఠతా వచ్చు. అది నోటికే గాని చేతిరాతకు వర్తించదన్నట్టు బతికాను.

తిరిగి వచ్చేసరికి లాడ్జి వెనక పంపు దగ్గర అప్ప దుప్పట్లు పిండుతోంది. యజమాని బెదిరింపు ఆమెకు చేరిపోయింది.

"రేపు నన్నడిగితే ఆ ఏలిముద్ర నాదేనంటాను. నాదే కదా. అందులో అబద్ధం లేదు," అంది.

"అంత ఇస్తున్నారా అని అడుగుతారు అప్పా."

"అడిగితే నాకు అంకెలు తెలీవంటాను." దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం మెలిపెట్టాం. "బాబూ, నాకు ఈ పని కావాల. పనితోటి ఆ క్యారేజీ కావాల. మీ బావకి మద్దేనం తిండి అదే. నువ్వు నిజం సెప్తావో, ఏటి సెప్తావో నీ ఇష్టం. నా పేరు మాత్రం ఎత్తకు."

గురువారం పది గంటలకు ఆఫీసరు వచ్చారు. భోజనాల హాల్లో ఒక బల్ల ఖాళీ చేసి కూర్చోబెట్టారు. రిజిస్టరు ఆయన ముందుంది, యజమాని పక్కన నిలబడ్డారు. పైన క్లబ్బుకు ఆ రోజు తాళం. ఒక్కొక్కరినే పిలిచి, పేరు చదివి, అంత అందుతోందా అని అడిగారు. వంటమాస్టరు అందుతోందన్నాడు. సప్లయర్లందరూ అందుతోందన్నారు. వాళ్ళవైపు నుంచి అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అప్ప వచ్చి, ఆయన వేలు పెట్టి చూపించిన చోటు చూసింది. "ఏలిముద్ర నాదే సార్," అంది.

"అది కాదమ్మా. డబ్బు ఎంత ఇస్తున్నారు?"

"నాకు అంకెలు తెలీవు సార్. ఇచ్చింది అట్టుకెల్లి మా గుంటకిస్తాను, సదువుకుంటన్న పిల్ల, అది సూసుకుంటాది."

ఆయన కలం చేతిలో తిప్పుతూ ఆమెను కాసేపు చూశారు. వెళ్ళమన్నారు. చివరగా నన్ను పిలిచారు.

"ఈ చేతిరాత నీదేనా?"

"నాదేనండి."

"ఇందులో రాసినంత ఇస్తున్నారా?"

యజమాని నా వైపు చూడలేదు. కౌంటరు వెనక గోడ మీది ఫ్రేము వైపు చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో సప్లయర్లు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. వాళ్ళ వెనక అప్ప ఉందో లేదో కనబడలేదు. చీటీలో తప్పు రాశానని నాలుగు మాటలు చెబితే అందరూ భోజనాలకు వెళ్ళిపోతారు.

"నా పేరు ఎదుట రాసినంత నాకు అందడం లేదండి," అన్నాను. "అందుతున్నట్టు రాసింది నేనే. తప్పు నాది కూడా. మిగతావాళ్ళ సంగతి వాళ్ళు చెప్పిందే."

"ఇంకో పుస్తకం ఉందా?"

అది నా సొరుగులో ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. అది బయటికొస్తే అప్ప పేరు, అంకెతో సహా బయటికొస్తుంది. నేను తల దించుకుని నిలబడ్డాను. ఉందని అనలేదు, లేదని అనలేదు. ఆ మౌనం నిజం కిందికి వస్తుందో అబద్ధం కిందికి వస్తుందో ఇన్నేళ్ళ ప్రార్థనలోనూ నాకు తేలలేదు.

ఆఫీసరు రెండోసారి అడగలేదు. రిజిస్టరు మూసి, వచ్చే నెల జీతాలిచ్చే రోజు తనే వచ్చి కూర్చుంటానని యజమానితో అన్నారు. ఈ లోపల పనివాళ్ళలో ఎవరిని తీసినా తనకు తెలియాలని, పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. నా పేరు కూడా రాసుకున్నారు గాని, నేనే ఉండలేకపోయాను. సాయంత్రం తాళంచెవి ఇచ్చేటప్పుడు యజమాని, "నువ్వున్నంతకాలం నాకు ఈ కౌంటరంటే బయ్యమే బాబూ," అన్నారు. ఆ నెలకు బోర్డు జీతం పైసలతో సహా లెక్కపెట్టి ఇచ్చారు. అలా అందుకోవడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

అప్పను తీసెయ్యలేదు. తరవాతి ఒకటో తారీకున, ఆఫీసరు చూస్తుండగా, అందరికీ బోర్డు జీతం ఇచ్చారు. ఆయన బస్సెక్కగానే యజమాని కొత్త పద్ధతి చెప్పారట. జీతం పూర్తిగా ఇస్తున్నాం గనక ఇక భోజనం ఉచితం కాదు. తిన్నవాళ్ళు నెలకు ఇంతని కట్టాలి. గేటు దాటి క్యారేజీ వెళ్ళకూడదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అప్ప నా దగ్గరికి వచ్చింది. నేను లెక్క వేసి చెప్పాను. భోజనానికి కట్టేది పోయినా ఇదివరకటి మీద చేతికి రెండొందలు ఎక్కువే వస్తోంది.

"ఎక్కువే. నేను కాదన్నానేటి?" అంది. "ఆ రెండొందల్తోటి బియ్యం కొంటన్నాను. వొండేది ఎవరు? గుంట బడికెల్లిపోద్ది, నేను ఎల్లేసరికి మూడవుతాది, అప్పుడు పొయ్యెలిగించాల. మీ బావ అప్పటిదాకా సూస్తా కూకుంటన్నాడు."

క్షమించమన్నాను. ఆమె చీర కొంగుతో మెడ తుడుచుకుని, నా మీద కోపం లేదంది. ఆ మాట నిజమేనని నేను నమ్మాను.

"ఇంకోసారి నాకోసం ఏటైనా అడగాలంటే, దేవుణ్ణే గానీ ఆఫీసర్నే గానీ, ముందుగాల నన్నడుగు," అని, చెప్పులు వెతుక్కుని, బస్సు వెళ్ళిపోతుందని గబగబా నడిచింది.