అక్కకు లేని పుట్టుమచ్చ

ఆ రోజుల్లో కెమెరా అంటే నాకు వస్తువు కాదు, పదవి. ఇరవై రెండేళ్లకు మొదటి ఉద్యోగం దొరికి, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మా సెక్షన్‌లోని ఒక సారు కొత్తది కొనుక్కుని, తన పాత డీఎస్సెల్లార్ కెమెరాను నాకు అమ్మేశాడు. దాన్ని మెడలో వేసుకుని పాతబస్తీలో, శాలిబండ దగ్గర షేర్ ఆటో దిగి మా గల్లీలోకి నడుస్తుంటే వెన్నెముక దానంతటదే నిటారుగా అయ్యేది. (అదే గల్లీలో కూరగాయల సంచితో వందసార్లు నడిచాను, అప్పుడెప్పుడూ అలా కాలేదు.) కెమెరాతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని నేను చదవలేదు. చదవకుండానే రెండు సూత్రాలు తయారు చేసుకున్నాను. ఎఫ్ అనే అక్షరం పక్కనుండే అంకె ఎంత పెద్దదైతే ఫొటో అంత గొప్పగా వస్తుందన్నది మొదటిది. దాన్ని తిప్పి తిప్పి ఇరవై రెండు దగ్గర ఆపి, నా వయసూ అంతే కాబట్టి కలిసొస్తుందని వదిలేశాను. లెన్స్ మార్చేటప్పుడు లోపల దుమ్ము కనబడితే నోటితో గట్టిగా ఊదాలన్నది రెండోది. మా అమ్మ స్టవ్ బర్నర్‌ను అలాగే ఊదేది, అది బాగానే మండేది.

మా అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది, ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. ఇంట్లో తనకు సంబంధాలు చూస్తున్నారు. అంతకుముందు స్టూడియోలో తీయించిన ఫొటోలో అక్కను ఎంత తెల్లగా చేశారంటే, చూడ్డానికి వచ్చినవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని, చాయ్ సగం తాగి వెళ్లిపోయారు. అక్క ఏడవలేదు. కానీ ఆ స్టూడియో ఫొటోలన్నీ తీసి బీరువా అడుగున పెట్టేసింది. కొన్నాళ్లకు ఊళ్లోనే కార్వాన్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చి, వాళ్లు ఫొటో అడిగినప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"ఈసారి ఫొటో నువ్వే తియ్యి. నేనెట్ల ఉన్ననో గట్లనే రావాలె. ఏం మార్చొద్దు."

"మార్చనక్కా. మార్చుడు నాకు రానే రాదు," అన్నాను. కెమెరా విషయంలో ఆ ఏడాది నేను పలికిన ఏకైక సత్యం అదే.

ఆదివారం పొద్దున డాబా మీదికి వెళ్లాం. గాలి బాగా వీస్తోంది. నేను కెమెరాను ఆకాశం వైపు తెరిచి పెట్టుకుని, తీరిగ్గా లెన్స్ మార్చి, లోపల కనిపించిన నలుసును నా పద్ధతిలో ఊది, నలభై దాకా ఫొటోలు తీశాను. ముప్పై తొమ్మిదింటిలో అక్క పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నట్టుంది. నలభయ్యో దాంట్లో మాత్రం, నేను వెనక్కి నడుస్తూ నీళ్ల ట్యాంకు పైపు తట్టుకుని తూలితే, నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు ఫొటోలో పడింది. ఎడమ చెంప మీద చిన్న నల్లటి చుక్క కూడా పడింది.

ఆ చుక్కను నేను చూశాను. అమ్మ దిష్టిచుక్క పెట్టి ఉంటుందనుకున్నాను. అమ్మ కూడా చూసింది, నేనే కంప్యూటర్‌లో పెట్టాననుకుని లోలోపల మెచ్చుకుందట. బాపు కళ్లద్దాలు లేకుండా చూసి "మంచిగున్నది" అన్నాడు. అక్క తన ఫొటోలు తాను చూసుకోదు. అలా నలుగురున్న ఇంట్లో ఒక్కరూ అడగకుండానే ఆ చుక్క ఫోన్‌లో కార్వాన్ వెళ్లిపోయింది. రెండు రోజులకే వాళ్లకు పిల్ల నచ్చిందని కబురొచ్చింది. అబ్బాయి కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. పెద్దవాళ్ల అనుమతితో అక్కతో మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడాడు. మూడోసారి అక్క ఫోన్ పట్టుకుని డాబా మీదికి వెళ్లి, ఆరేసిన బట్టలు పూర్తిగా ఎండి, అమ్మ వాటిని తీసి మడతలు పెట్టేదాకా దిగలేదు. ఆ సంబంధం కుదరాలని మేమందరం ఎంత కోరుకున్నామో ఒకరికొకరం చెప్పుకోలేదు.

చూపుల రోజు అబ్బాయి, వాళ్ల మేనమామ, నాయనమ్మ వచ్చారు. ఆ ఇంట్లో నాయనమ్మ మాటే మాట అని వాళ్లు కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. ఆమె కోసం మిగతా ఇద్దరూ సోఫా వదిలి కుర్చీల్లో సర్దుకున్నారు. అక్క వచ్చి కూర్చుంది. నాయనమ్మ అక్కను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, మొహాన్ని మెల్లగా కిటికీ వెలుతురులోకి తిప్పింది.

"మచ్చ ఏది బిడ్డా?"

"ఏం మచ్చ అవ్వా?"

"గీ చెంప మీద ఉండె కద. ఫొటోల చూసిన."

మేనమామ ఫోన్ తీసి ఫొటో చూపించాడు. అక్క ఆ ఫొటోను అప్పుడే మొదటిసారి చూసుకుంది. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. మేనమామ గొంతు సవరించుకుని, "అన్నా, తప్పుగ అనుకోకు. ఫొటోల పిల్ల వేరే, ఇంట్ల పిల్ల వేరే అయితే ఎట్ల?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే బాపు మొహం ఇంకా చిన్నబోయింది.

"నా మొహం ఇదే," అంది అక్క. "నాకు మచ్చ లేదు. అది ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు." అని నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక ఖాళీ చాయ్ ట్రే పట్టుకుని లోపలికి జారుకున్నాను.

లోపలి గదిలో కెమెరా ఆన్ చేసి ఫొటోలు వెనక్కి జరిపాను. లాడ్ బజార్‌లో తీసిన గాజుల వరసల మధ్య ఒక నల్లచుక్క. ఇంకొంచెం వెనక్కి వెళ్తే పిట్టగోడ మీద మేక, దాని కొమ్ము పక్కన చుక్క. గాలిపటం ఎగిరే ఆకాశంలో చుక్క. పేపరు చదువుతున్న బాపు ఫొటోలో సరిగ్గా పేపరు మీద, వార్తలో అచ్చుతప్పులా చుక్క. అన్నింట్లోనూ ఒకే చోట ఉంది. అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆ మచ్చ అక్కది కాదు, నా కెమెరాది. (గుండె తేలికపడింది. మరుక్షణం, ఈ సంగతి అందరి ముందూ నేనే చెప్పాలని గుర్తొచ్చి మళ్లీ బరువెక్కింది.)

హాల్లోకి వెళ్లి చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు. మేనమామకైతే నమ్మకం కూడా కుదరలేదు. ఇక లాభం లేదని నాయనమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "అవ్వా, ఒక్కసారి నా దిక్కు చూడుండ్రి. మీకు గూడ మచ్చ పెడత."

మొదటి ఫొటోలో చుక్క గోడ మీద పడింది. రెండో దాంట్లో చెవి కమ్మ మీద. "కొంచెం కిందికి అవ్వా. ఇంకొంచెం. మెడ కాదు, మొత్తం మీరే." ఆమె నేను జరగమన్నవైపల్లా జరిగింది. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ మేనమామ కళ్లు మూసుకున్నాడు. నాలుగోసారి చుక్క వెళ్లి ఆమె ఎడమ చెంప మీద కూర్చుంది. కెమెరా ఆమె చేతికిచ్చాను.

నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది. కోపమొచ్చిందేమోనని అమ్మ ముందుకు వంగింది. ఆమె మాత్రం ఆ చిన్న తెరను బొటనవేలితో మెల్లగా తుడిచి, "మా అమ్మ లెక్కనే ఉన్న," అంది. వాళ్లమ్మకు అక్కడే మచ్చ ఉండేదట. ఆమె పోయేనాటికి ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదట. "గందుకే బిడ్డా, నీ ఫొటో చూడంగనే గీ పిల్లనే అడుగుండ్రి అన్న," అని అక్క చెయ్యి పట్టుకుంది. తర్వాత నాతో, "ఇది నాకు కాయితం మీద గావాలె. మచ్చ తియ్యకు," అంది.

అక్క అబ్బాయి వైపు తిరిగి నేరుగా అడిగింది. "నాకైతే మచ్చ లేదు. నడుస్తదా?"

"నేను ఫోన్ల మాట్లాడిన," అన్నాడతను. "ఫోన్ల మచ్చ కనబడలే."

మేనమామ తన చాయ్ పూర్తిగా తాగాడు. ఇంకో కప్పు కూడా అడిగాడు.

మర్నాడు లాడ్ బజార్ పక్క సందులో కెమెరాలు బాగుచేసే చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన లోపల టార్చి వేసి చూసి తలెత్తాడు.

"నోటితోటి ఊదినవా బేటీ?"

"కొంచెమే చాచా."

"కొంచెమే ఊది, కొంచెం దుమ్ము లోపల పెట్టినవ్. ఇరవై రెండుల ఎందుకు పెట్టినవ్?"

"పెద్ద నంబరు కదా చాచా."

ఆయన నవ్వలేదు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. అంకె పెరిగేకొద్దీ లెన్స్ కన్ను చిన్నదవుతుందని, కన్ను చిన్నదైతే లోపల బొమ్మ పడే సెన్సర్ మీది నలుసు నీడ గట్టిగా పడుతుందని, మామూలుకు ఎనిమిది చాలని ఓపికగా చెప్పాడు. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా నోరు కిందికి ఉండాలని, గాలి రబ్బరు బుడ్డితోనే కొట్టాలని చేసి చూపించాడు. బుడ్డికి ఆ నలుసు లొంగలేదు. చివరికి సన్నటి పుల్లకు చుట్టిన మెత్తటి గుడ్డను ఏదో ద్రవంలో తడిపి ఒక్కసారి తుడిచాడు. తెల్లకాగితాన్ని ఫొటో తీసి చూపిస్తే, కాగితం తెల్లగానే ఉంది.

పెళ్లయింది. అక్క కార్వాన్‌లో సుఖంగా ఉంది, ఇప్పటికీ తన ఫొటోలు తాను చూసుకోదు. నేనేమో కెమెరాను తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, వానాకాలంలో రోజు విడిచి రోజు తెరిచి చూసుకునే మనిషినయ్యాను. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక కెమెరా కొనుక్కుని సలహా కోసం వచ్చింది. అరగంట పాఠం చెప్పాను. శ్రద్ధగా విని, "అక్కా, మీరు మొదటి నుంచి గిట్లనే ఇంత జాగ్రత్తనా?" అని అడిగింది. "మరి?" అన్నాను, కనురెప్ప కూడా కదపకుండా. ఆ పిల్ల వెళ్లాక చాలాసేపు ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.