గంట కొట్టనిదే కదలడు

మా పక్క క్వార్టర్ పోశం కాకతో ఎక్కడికైనా బయల్దేరాలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆటో ఎక్కి కూర్చున్నాక కూడా "అందరు ఎక్కిన్రా?" అని అడుగుతాడు. నేనొక్కదాన్ని "ఎక్కినం కాకా" అంటే చాలదు. ఎవరికి వాళ్లు నోటితో చెప్పాలి. అప్పటిదాకా మా ఆయన మన్సూర్‌ను బండి తాళం కూడా తిప్పనివ్వడు.

ఆ చాదస్తం బొగ్గుగని నేర్పింది. కాక పడుచుతనంలో బొగ్గుబాయి దిగిన కొత్తలో, బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలర్ యంత్రం మీద ఇంకెవరో ఉండేవాడు. కింద టబ్బులు తగిలించినవాళ్లు గంట కొడితేనే పైన హాలర్ నడపాలి. ఆ రోజు అతను "ఈపాటికి తగిలించే ఉంటరు తియ్" అని అందాజ వేసి గంట రాకముందే నడిపాడు. టబ్బుల నడుమ కాక బావ సదయ్య ఉన్నాడు. ప్రాణం దక్కింది, కాలు పోయింది. బావను భుజాన వేసుకొని పైకి తెచ్చింది కాకే.

తర్వాత అదే హాలర్ మీద కాకను కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఇప్పటిదాకా గంట వినకుండా తాడు కదిలించిన పాపాన పోలేదు. కదలమంటే రెండు మూడు గంటలు కొడతారు, ఒక్కటే కొడితే ఆగమని. ఇంట్లోనూ అదే లెక్క. అన్నం చాలనిపిస్తే పళ్లెం అంచు మీద వేలి ఉంగరంతో ఒక్కసారి టంగుమనిపిస్తాడు, అతని భార్య కనకవ్వ చిన్నమ్మ వడ్డించడం ఆపేస్తుంది.

చిన్నమ్మ తీరు అతనికి పూర్తిగా ఎదురు. ఆమె ఏ గంట కోసమూ చూడదు. కాక షిఫ్టు దిగి గుమ్మం తొక్కకముందే బకెట్లో వేడినీళ్లు. తల పట్టుకోకముందే చాయ్. "నీకెట్ల తెలుస్తది చిన్నమ్మా?" అంటే "తెలుస్తది తీ పిల్లా" అంటుంది, అంతే. కాక ఆమెను ఏదైనా అడగడం నేనెప్పుడూ వినలేదు. అడిగే అవసరం ఆమె రానివ్వలేదు. ఆ మహానుభావుడు దాన్ని గమనించినట్టు కూడా లేడే అని నాకు లోపల కోపంగా ఉండేది.

పోయిన ఎండాకాలం కాకకు కిడ్నీలో గడ్డ ఉందని తేలింది. హైదరాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. పిల్లల్లేని మనుషులు, నన్నే "బిడ్డా" అంటారు. ఉర్దూ తెలిసిన తోడు ఉంటే మంచిదని నన్ను వెంటబెట్టుకున్నారు.

అక్కడి సర్జన్ వేణుమాధవ్ మెత్తటి మనిషి. నెమ్మదిగా చెప్పాడు. "మీ రెండో కిడ్నీ ముందునుంచే బలహీనంగా ఉంది. కాబట్టి దీన్ని కాపాడుతూ గడ్డ ఒక్కటే తీయాలి. మామూలుగా కోస్తే మొత్తం కిడ్నీ పోవచ్చు. అప్పుడు జీవితాంతం డయాలసిస్. రోబోతో చేస్తే కాపాడే అవకాశం ఎక్కువ. ఇది కొత్తగా వచ్చింది. నా చెయ్యి ఎటు పోబోతోందో ముందే పసిగట్టి కెమెరాను అటు తిప్పుతుంది, రెండో చేతిని సిద్ధంగా పెడుతుంది."

కాక లేచి నిలబడ్డాడు. "నువ్వు చెప్పకముందేనా సారూ?"

"అవును, ముందే."

"అయితె వద్దు. నా కడుపుల అందాజ పని వద్దు" అని చెప్పులు వేసుకొని బయటికి నడిచాడు.

నేను వరండాలో పట్టుకున్నాను. "కాకా, నీకు దిమాక్ ఉన్నదా? గడ్డను ముద్దు చేసుకుంట ఇంట్ల కూసుంటవా?"

"మా బావ కాలు అందాజకే పోయింది బిడ్డా. నాకు తెలుసు. బస్సుకు వోదాం పా."

అప్పటిదాకా గోడకు ఆనుకొని ఉన్న చిన్నమ్మ ముందుకొచ్చింది. "మరి నేను ఇన్నేండ్లు చేసిందేంది? అందాజ కాదా?"

"నువ్వు వేరే. నేను నీకు ఎరుక."

"ఆ మిషన్‌కు సారు ఎరుకనేమో! ఒక్క మాట అడుగు. అడుగకుంట పోతే రేపు నేనేం గావాలె?" అంటూనే ఆమె ఏడ్చేసింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు, కాక కూడా కంగారుపడ్డాడు.

చెప్పులు మళ్లీ విప్పి లోపలికి పోయాడు. "సారూ, అది తప్పు అనుకుంటె ఎట్ల? నువ్వు ఆగుమంటె ఆగుతదా?"

డాక్టర్ నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి తన పాదం చూపించాడు. "ఈ కాలి కింద పెడల్ ఉంటుంది. అది నొక్కి పెట్టినంతసేపే యంత్రం కదులుతుంది. తప్పుగా అనుకుందనిపిస్తే కాలు తీస్తాను, ఎక్కడిదక్కడ ఆగుతుంది. అది అనుకోవడం వరకే, కదలమనేది నేను."

"అంటె గంట నీ దగ్గర్నే ఉంది."

బాయి గంట సంగతి డాక్టర్‌కేం తెలుసు, నేను చెప్పాను. "అవును, నా దగ్గరే" అన్నాడు. కాక ఆ పాదం వైపు చూసి, "అయితె కానీ" అన్నాడు.

ఆపరేషన్ అవుతున్నంతసేపూ చిన్నమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టర్ బయటికొచ్చి "గడ్డ పోయింది, కిడ్నీ దక్కింది" అన్నప్పుడు ఆయన చేతులు పట్టుకొని కళ్లకద్దుకుంది.

మర్నాడు కాకను వార్డుకు మార్చారు. కళ్లు తెరిచాడో లేదో చిన్నమ్మ మొదలుపెట్టింది. తడి దూదితో పెదవులు తడిపింది, దుప్పటి సర్దింది, ఆపరేషన్‌కు ముందు తీసిన ఉంగరం మళ్లీ వేలికి తొడిగింది, దిండు జరిపింది, కాళ్లు ఒత్తింది. అతను కొద్దిగా మూలిగితే నర్సు కోసం పరుగు తీయబోయింది.

మంచం ఇనుప కడ్డీ మీద ఉంగరం ఒక్కసారి టంగుమంది. చిన్నమ్మ నిలబడిపోయింది.

"నొస్తుందా? నర్సును పిలువాల్నా?"

తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లా?"

"ఏం వద్దు" అన్నాడు కాక. "నువ్వు కూసో. నా పక్కన కూసో జర సేపు."

చిన్నమ్మకు అర్థం కాలేదు. మంచం అంచున సగం కూర్చుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సూది గుచ్చిన చెయ్యి కాక ఆమె ఒడిలో పెట్టాడు.

"అన్ని తెలుస్తయంటవు. గిదొక్కటి తెల్వలేదానే నీకు?"

ఆమె ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి, నోరు మాత్రం ఊరుకోలేదు.

"గింత మాట అడుగనీకి నువ్వు కడుపు కోయించుకోవాల్సి వచ్చిందా, దేవుడా!"