నిద్రపోతున్న సైన్యం నన్ను సముద్రంలోకి తోసిన వైనం

నిద్రపోతున్న సైన్యం చేతిలో చిత్తుగా ఓడిపోయిన మహావీరుణ్ని మీరెక్కడైనా చూశారా? లేకపోతే ఈ మొహాన్ని చూసుకోండి.

అప్పట్లో నేను ప్రోతరాపూర్‌లో కాపురముంటూ పోర్ట్ బ్లెయిర్‌లో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాను. మనసు మాత్రం అక్కడి సముద్రపొడ్డున మిన్నీ బేలో, పడవల యజమాని అప్పల్రాజు మామ కూతురు నూకాలు దగ్గర ఉండిపోయింది. పెళ్లి మాటెత్తితే మామ గెడ్డం గోక్కున్నాడు.

"పున్నమికి నాటకమాడతన్నావంట. నలుగురూ మెచ్చుకుంతే మా గుంటనిచ్చి పెళ్లి సేత్తాను. నవ్వులపాలైతే మా గుమ్మం తొక్కకు."

నాటకం భారత యుద్ధపు చివరి ఘట్టం. ఓడినవాళ్లలో మిగిలిన ముగ్గురు వీరులు రాత్రివేళ, ఆదమరచి నిద్రపోతున్న పాండవ శిబిరం మీద పడతారు. వాళ్ల నాయకుడైన గురుపుత్రుణ్ని నేను! ఒడ్డుకు లాగిన రెండు పడవల మీద పలకలు కట్టి వేదిక చేశాం. పడవల చుట్టూ ఇసుకలో పడుకునే సైన్యం వేషాలు మామ దగ్గరి జాలర్లకిచ్చాం. వాళ్లకు తెలుగు చదవడం రాదు. పడుకోవడానికి చదువెందుకండీ? నేను పొడవగానే "హా!" అని చావాలి, అంతే. ముందు రాత్రంతా చేపల వేటలో ఉండి వచ్చారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

చంద్రుడొచ్చాడు. పోటు నీళ్లు మెల్లగా పడవల కిందికి పాకాయి. ఇసుక, అలలు, నా అట్ట కిరీటం అన్నీ పాలల్లో నానినట్టున్నాయి. ముందు వరసలో నూకాలు. నేను కలలో నడిచినట్టు నడిచి మొదటివాణ్ని పొడిచాను. గుర్రు పెట్టాడు. రెండోవాణ్ని పొడిచాను. అటు తిరిగి పడుకున్నాడు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. మావాళ్ల నిద్ర కత్తిని కూడా ఎరగదు.

"అరే భయ్యా, యే తో మర్‌తే హీ నహీ! వీళ్లు చావరే, ఏం చేద్దాం?" అని గొణిగాడు నా వెనకున్న రెండో వీరుడు, మా ఆఫీసు రామారావు.

జనం కిసుక్కుమన్నారు. మామ గుమ్మం నా కళ్లముందే మూసుకుపోతోంది. ఇక లాభం లేదని వేదికెక్కి, జాలర్లను లేపే మంత్రం నాకు తెలుసు కదా అని గొంతు చించుకున్నాను.

"హైలెస్సా!"

లేచారండీ! కళ్లు తెరవకుండానే లేచారు. పడవను నీళ్లలోకి దించేటప్పుడు వేసే కేక అది. చెవిన పడితే చాలు, భుజం ఆనించి తోసేయడం వాళ్ల ఒంటికి అలవాటు.

"ఒరే, ఆపండ్రా! మీరు చచ్చిపోవాలి!"

"తొయ్యండెహె! హైలెస్సా!"

వేదికతో సహా సముద్రంలో ఉన్నాను. ఒడ్డున జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు కూడా కాసేపటికి అలల చప్పుడులో కలిసిపోయింది. చుట్టూ వెన్నెల. ఎంత బాగుందో! నూకాలు ఇక దక్కదని ఏడుపు కూడా వచ్చింది.

డింగీలో తెడ్డేసుకుంటూ మామ వచ్చాడు.

"ఈతొచ్చునేటి?"

"రాదు మామా."

"ఈత రానోడివి సముద్రం కాడ పిల్లనడిగినావా?"

"నవ్వులపాలయ్యాను మామా."

"అయినావు. నేనూ నవ్వినాను. మీ అత్త పోయినకాణ్నుంచి ఇంతలా నవ్వనేదురా." కళ్లు తుడుచుకుని చెయ్యందించాడు. "ఇందులోకి దిగు. ముందు ఈత, తరవాత ముహూర్తం."

కాబట్టి సముద్రుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నిద్రపోతున్న సైన్యం మీదకు గానీ, మధ్యాహ్నం కునుకు తీసే మామగారి మీదకు గానీ దండెత్తను. ఒకవేళ ఎత్తినా, పడవెక్కి మాత్రం ఎత్తను.