పోస్ట్‌మ్యాన్ పెట్టిన పేర్లు

సెబాస్టియన్ యానాంలో ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచాడు. కవరు మీద ఇంటి నెంబరు చూసి వెళ్ళడం ఆయనకు నామోషీ. మనిషి పేరు చాలు. గోదావరి పొంగిన ఏడాది, మెట్టకూరులో కొబ్బరిచెట్టెక్కి కూర్చున్న ఒకాయనకు పడవలోంచే మనియార్డరు అందించాడట. ఇందులో అబద్ధమేదైనా ఉంటే చెట్టు ఎత్తు దగ్గరే ఉండాలి.

భార్య పోయాక, గోడలతో మాట్లాడలేక, కనకదుర్గ నడిపే రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే పనికి చేరాడు. అక్కడ నాలుగు కంప్యూటర్లు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంటర్నెట్ డబ్బా వాటికి నెంబర్లను పేకముక్కల్లా మళ్ళీ పంచేది. నిన్నటి నెంబరుకు పంపిన రిపోర్టు ఇవాళ దారి తప్పేది.

“ఇంకొక్క రిపోర్టు తప్పిందంటే కాకినాడ నుంచి ఇంజనీరుని పెట్టుకుంటానండి బాబాయిగారూ. మీరింక ఇంటిపట్టున ఉందురుగాని,” అంది కనకదుర్గ.

“ఆయ్,” అన్నాడు. ఇంటిపట్టున ఉంటే మళ్ళీ ఆ గోడలే.

ఫోనులో పాఠాలు చూసి, ఒక్కో మిషనుకు ఒక్కో నెంబరు ఖాయం చేశాడు. మూలనున్న పాత కంప్యూటరులో పట్టీ రాశాడు. పేరు చెబితే అదే నెంబరు వెతికిపెడుతుంది. పేర్లు అలవాటు కొద్దీ వాటి ముందు కూర్చునే మనుషులవే పెట్టాడు. గుమ్మం పక్క కౌంటరు మిషనుకు జ్యోతి, ఫ్యాను కింది కౌంటరు మిషనుకు శిరీష. ఎవరు రక్తం తీస్తే రిపోర్టు ఇచ్చేదీ వాళ్ళే.

వారం సాఫీగా నడిచింది. సోమవారం అడవిపొలం ఊరి నుంచి వచ్చిన అమ్మిరాజు జ్యోతి ముందు నిలబడ్డాడు. పదింటికి కాకినాడలో ఆపరేషను. రిపోర్టు లేనిదే డాక్టరు చెయ్యనన్నాడు.

“రాలేదండి,” అంది జ్యోతి.

“పావుగంటైంది నీ పేరుకి పంపి,” అంటూ కనకదుర్గ లోపలి నుంచి వచ్చి, సెబాస్టియన్ వైపు చూసింది.

ఆయన పాత కంప్యూటరు జోలికి పోలేదు. జ్యోతిని చూశాడు. పైన తిరుగుతున్న ఫ్యానును చూశాడు.

“ఏమ్మా, ఇల్లెప్పుడు మారేవు?”

“ఇయ్యాలే తాతగారూ. కడుపుతో ఏడో నెల కదా, ఉక్కకి ఆగలేక శిరీషని గుమ్మం పక్కన కూర్చోమన్నాను.”

“శిరీషా, నీ మిషనులో చూడమ్మా.”

రిపోర్టు అక్కడే ఉంది. అది చేతిలో పడగానే అమ్మిరాజు చెప్పులు మరచి ఆటో ఎక్కాడు.

“చెప్పాపెట్టకుండా కుర్చీలు మారితే ఎలాగే?” అని కనకదుర్గ అమ్మాయిల మీదికి వెళ్ళబోయింది.

“వాళ్ళననకండమ్మా. తప్పు నాది,” అన్నాడు సెబాస్టియన్. “ఉత్తరమైతే మనిషి వెనకాలే పోద్ది. మిషను కూర్చున్న చోటే ఉంటాదని తట్టలేదు. మీరన్న ఇంజనీరుని పిలిపించుకోండి.”

ఆయన పాత కంప్యూటరు ముందు కూర్చుని రెండు పేర్లు చెరిపి, గుమ్మం, ఫ్యాను అని రాశాడు. లేచి సంచీ భుజానికి తగిలించుకుంటుంటే కనకదుర్గ పట్టీలోకి తొంగి చూసింది.

“ఈ ముసలి మిషనుకి పేరేదండీ?”

“దానికెందుకమ్మా? మూలన పడుండేదేగా.”

“సెబాస్టియన్ అని రాయండి. అదొక్కటీ మనిషి పేరే ఉండనివ్వండి. మీరు కుర్చీ మారరుగా.”

ఆయన సంచీ దించి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు.