పీల్చడం రాని మందు

గల్ఫ్‌లోని రుస్తాఖ్ సైట్‌లో నాది సిమెంట్ కలిపే పని. ఊళ్లో ఉన్నప్పుడే చలికాలం వస్తే ఛాతీ పట్టేసేది. గల్ఫ్‌కు వచ్చే ముందు మెడికల్ పరీక్ష ఎండాకాలంలో జరిగింది కాబట్టి బయటపడలేదు. వచ్చిన రెండో ఏడు, తొంభైల మొదట్లో, సిమెంట్ సంచి విప్పిన ప్రతిసారీ గొంతులో గుడ్డ కుక్కినట్టయ్యేది. ఆయాసం ఉందని తెలిస్తే అన్‌ఫిట్ అని ఇంటికి పంపేస్తారని రూమ్‌లో అందరూ అనుకునేవారు. అందుకే దగ్గు రాగానే మిక్సర్ వెనక్కి పోయేవాణ్ణి. దాని మోతలో నా దగ్గు ఎవరికీ వినపడేది కాదు.

ఒకసారి సైట్‌లో కడుపునొప్పి అని చెప్పి హాస్పిటల్‌కు వెళ్లాను. డాక్టర్ ఛాతీ చూసి ఆయాసానికి రెండు మందు పంపులు, ఇన్‌హేలర్లు, ఇచ్చాడు, ఒకటి నీలం, ఒకటి గోధుమరంగు. ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. నేను తలూపి వచ్చేశాను. నీలంది నోట్లో కొట్టుకుంటే కొంచెం తేలికయ్యేది. గోధుమరంగుది ఎంత కొట్టినా ఏమీ తెలియలేదు. నాలుగు రోజులు చూసి పెట్టెలో బట్టల కింద పడేశాను.

ఒక రోజు పొద్దున పదింటప్పుడు లారీలోంచి సంచులు దింపుతున్నాం. గాలికి దుమ్ము లేచింది. ఛాతీ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. జేబులోంచి నీలం పంపు తీసి నొక్కాను. ఉస్సుమని ఉత్త గాలే వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ నొక్కాను. ఊపిరి లోపలికీ పోవడం లేదు, బయటికీ రావడం లేదు. మోకాళ్ల మీద కూలబడ్డాను. పిచ్చి ఆలోచన ఒకటి వచ్చింది: పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉంది, నేను పోతే వీళ్లు పెట్టె ఎట్లా తీస్తారు?

కంపెనీ పికప్ నడిపే కడప భాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమన్నా, ఊపిరాడలేదా? మాట్లాడు అన్నా!"

"దవాఖాన" అందామనుకున్నాను. "ద" దగ్గరే ఆగిపోయింది. అతను నన్ను ఎత్తి బండిలో వేసుకున్నాడు.

హాస్పిటల్లో ముక్కుకు మాస్క్ పెట్టి పొగలాంటి మందు పట్టారు. మధ్యాహ్నానికి మనిషినయ్యాను. అప్పుడొచ్చింది ఒక కేరళ సిస్టర్. నడివయసు మనిషి. కొత్త నీలం పంపు చేతికిచ్చి, ఎలా వేసుకుంటావో చూపించమని హిందీలో అంది. చూపించాను. ఆమె నా మొహం ముందు అద్దం పెట్టింది. మందంతా నోట్లోంచి తెల్లగా బయటికే వస్తోంది. ఏడాదిగా నేను చేసింది అదే.

ఆమె నేర్పింది. ముందు బాగా ఊపాలి. ఊపిరంతా వదలాలి. మెల్లగా పీలుస్తూ నొక్కాలి. పది లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ తప్పింది. నొక్కితే పీల్చడం మరిచిపోతున్నాను, పీలిస్తే నొక్కడం. ఏడుపొచ్చేసింది.

"నాతోని కాదు భాయ్. నేను సదువుకోలే. ఆమెకు చెప్పు" అన్నాను పక్కనే ఉన్న కడప భాయ్‌తో. నాకు హిందీ కొంచెమే వచ్చు.

భాయ్ చెప్పాడు. ఆమె తిరిగి అడిగింది, అతను నాకు తెలుగులో చెప్పాడు: "సిమెంటూ ఇసకా పాళ్లు చూసి కలపడం వచ్చు గదా, ఇది రాదా అంటాంది."

తర్వాత ఖాళీ ప్లాస్టిక్ సీసా అడుగున పంపు పట్టేంత చిల్లు కోసి ఇచ్చింది. సీసాలోకి మందు కొట్టి, మూతి దగ్గర నోరు పెట్టి పీల్చాను. మొదటిసారి మందు లోపలికి పోయింది. నీలంది ఆయాసం వచ్చినప్పుడు, గోధుమరంగుది బాగున్నా సరే రోజూ రెండు పూటలా, వేసుకున్నాక నోరు పుక్కిలించాలి. నీలంది వేసుకున్నా తగ్గకపోతే ఆగకుండా హాస్పిటల్‌కు రావాలి. నాతో మూడుసార్లు అప్పజెప్పించుకుంది.

చివరికి ఒక కాగితం రాసింది, నన్ను సిమెంట్ పనిలో పెట్టవద్దని. ఇది రాయొద్దు, ఇంటికి పంపేస్తారని నేను చేతులు జోడించాను.

"సిస్టర్, యే మత్ లిఖో. ఘర్ భేజ్ దేంగే."

ఆమె కాగితం మడిచింది. "ఇంకోసారి ఇట్లాగే వస్తే బతికించగలమో లేదో చెప్పలేను" అంది. కాగితం నా చేతిలో పెట్టింది.

మూడు రోజులు దాన్ని జేబులోనే తిప్పాను. చెమటకు మడతలు చిరగసాగాయి. నాలుగో రోజు ఫోర్‌మన్‌కు ఇచ్చాను. "పహ్లే క్యోం నహీ బోలా?" అని, ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగా అరిచాడు. కానీ వారంలో నన్ను మబేలాలోని కంపెనీ స్టోర్‌కు మార్పించాడు. అక్కడ పైపులు, మేకులు లెక్కపెట్టి ఇచ్చే పని. రెండు పంపులూ వేళకు వేసుకున్నాను. చలికాలంలో ఒకసారి ఛాతీ బిగిస్తే నీలంది వేసుకున్నాను. తగ్గలేదు. దాచుకోకుండా స్టోర్ మేనేజర్‌కు చెప్పి హాస్పిటల్‌కు పోయాను. సాయంత్రానికి తిరిగొచ్చాను.

వీసా రెన్యువల్ వచ్చినప్పుడు కంపెనీ నా పేరు కొట్టేసింది. కారణం ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో అడిగాను, బతిమాలాను. ఇప్పుడు బాగున్నానని చెప్పి అక్కడే మెట్లు ఎక్కి దిగి చూపించాను. గుమాస్తా పాస్‌పోర్ట్ నా ముందుకు తోసి తల తిప్పుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో భాయ్ నా పెట్టె అందుకోబోతే వద్దన్నాను. నేనే భుజాన పెట్టుకుని లోపలిదాకా మోశాను. ఎక్కడా ఆగలేదు, కొంచెం కూడా ఆయాసం రాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.